ఎడమ కాలి పిల్లెముక

మొదటి నమోదు. వడపోతల రోజు

నా తర్వాత వచ్చే డాక్టరు చదువుకోవడానికి రోజూ ఏదో ఒకటి రాసిపెట్టాలని నియమం. ఇన్నేళ్ళూ "అందరూ కులాసా" అని గీకేసి ఊరుకున్నాను. ఈ రోజు అలా రాయడానికి చెయ్యాడలేదు.

పొద్దున నీళ్ళ జల్లెళ్ళు కడిగే వంతు మా వరసది. కడిగి, చేతులు తుడుచుకుని ఆస్పత్రికి బయల్దేరాను. మా ఇంటికి వెనక వైపు రెండో గుమ్మమే ఆస్పత్రి. అయినా అక్కడికి వెళ్ళాలంటే కంకణమంతా చుట్టి రావాలి. తిరుగుడు దిక్కున నడిస్తే ఒంటి బరువు కాస్త పెరుగుతుంది, ఎదురు నడిస్తే తగ్గుతుంది. బరువు మోస్తేనే ఎముక గట్టిపడుతుంది. అందుకని, ఆకాశంలో కంకణమని ఇంత పెద్ద గాజుని కట్టి, దాన్ని గిరగిరా తిప్పి, లోపల కాపురం పెట్టిన మా పెద్దలు ఎదురు నడక కూడదని కట్టుబాటు చేసిపోయారు. వెనకింట్లో చెంచాడు ఉప్పు అడగాలన్నా ఊరంతా చుట్టాల్సిందే. దాంతో మేం ఉప్పు అడగడం మానేసి చప్పిడి కూర తినడం నేర్చుకున్నాం.

అందరూ ఒకే దిక్కున పోతారు కాబట్టి బాట మీద మాకు కనిపించేవి వీపులే. నేనైతే వీపులు కూడా చూడను, కాళ్ళే చూస్తాను. నన్ను అందరూ కాళ్ళ డాక్టరమ్మ అంటారు, సువర్చల అనే పేరు మా ఆయన ఒక్కడికే గుర్తుంది. మడమ వేసే తీరు చూసి ముందు పోయేది ఎవరో చెప్పేస్తాను. ఇవాళ నా ముందు మందర పోతోంది. వీపున ఇసక మూట. బయటి పనివాళ్ళలో చేరాలని ఆ పిల్ల ఏడాదిగా మూట మోసుకుంటూ కంకణాన్ని చుట్టేస్తోంది. కంకణం పై పెంకుకి పడ్డ చిల్లులు పూడ్చేవాళ్ళే బయటి పనివాళ్ళు. ఎప్పుడూ లేడిలా పోయే పిల్ల, ఇవాళ ఎడమ కాలు జాగ్రత్తగా వేస్తోంది.

ఆస్పత్రి గుమ్మం దగ్గర పట్టుకున్నాను. ఏమీ లేదండీ అంది. ఏమీ లేనివాళ్ళ కాళ్ళు కూడా నేను చూస్తానని లోపలికి లాక్కెళ్ళాను.

రెండు కాళ్ళ ఎముకలకీ ఫొటో తీశాను. మోకాలికీ చీలమండకీ మధ్య రెండెముకలుంటాయి. ముందు లావుగా ఉండేది పెద్దెముక. దాని బయటి పక్కన ఆనుకుని సన్నగా ఉండేది పిల్లెముక. పుస్తకాల్లో ఫిబ్యులా అంటారు. ఏదో పాత భాషలో ఆ మాటకి పిన్నీసు అని అర్థమట. మందర కుడి కాలి పిల్లెముక అచ్చం పిన్నీసు పుల్లలాగే ఉంది. ఎడమది మాత్రం దాదాపు నా చిటికెన వేలంత లావుంది.

రెండో నమోదు. ఉతుకుల రోజు

రాత్రంతా పుస్తకాలు తిరగేశాను. వాటిలో ఉన్నది ఒకటే మాట. బరువు మోయడం వల్ల ఎముక మందమైతే రెండు కాళ్ళకీ రావాలి. ఒక్క కాలికే వచ్చి, నొప్పి కూడా ఉంటే చెడ్డ పెరుగుదలేమోనని అనుమానించాలి. చెడ్డదైతే ఆలస్యం చెయ్యకూడదు.

ముక్క తీసి పరీక్షించే యంత్రం మా దగ్గర ఉంది, దాని కటకం పగిలి చాలా కాలమైంది. కొత్తది సరుకుల నౌకలో రావాలి. ఆ నౌక వచ్చేలోపు, చెడ్డ పెరుగుదలే అయితే పిల్ల మనకి దక్కదు.

తల్లీ కూతుళ్ళనిద్దర్నీ పిలిపించాను. తల్లి తిలోత్తమ, వడపోత కేంద్రంలో పనిచేస్తుంది. మాకూ ఆస్పత్రికీ మధ్య ఉన్న ఇల్లు వాళ్ళదే. అంటే మాకు వెనక ఇల్లు, ఉప్పు అడగని ఇల్లు. ఎడమ పిల్లెముక తీసెయ్యాలన్నాను. తిలోత్తమ ఏడవలేదు. ఉతికిన బట్టల బుట్ట ఒళ్ళో పెట్టుకుని, మడతపెట్టిన జాకెట్టునే మళ్ళీ మళ్ళీ మడతపెట్టింది.

మందర మాత్రం ఫొటోనే పరీక్షగా చూసింది. "ఆ ఎముక లేకపోతే నడవలేనాండీ?"

ఆ ప్రశ్న నాకు నచ్చింది. కాళ్ళ మీద కుతూహలం ఉన్న మనిషి దొరకడం నాకు అరుదు. అందుకే అంత దిగుల్లోనూ ఆ పిల్లకి పాఠం చెప్పాను. ఒంటి బరువులో చాలా భాగం పెద్దెముకే మోస్తుంది, పిల్లెముక మోసేది పిసరంత. మోకాలి కీలులో దానికి వాటా లేదు. దాన్ని నమ్ముకుని బతికేవి పిక్క పక్కన ఉండి పాదాన్ని కదిపే కండలు. వాటికి అది గుంజ. పైన దాని మెడ చుట్టూ ఒక నరం తిరిగి పోతుంది, కోసేటప్పుడు అది తెగితే పాదం వేలాడిపోతుంది. దాని నడిమి భాగాన్ని కోసి విరిగిన దవడలకి అతకడం నేను చేసిన పనే. అలా ఎముక ఇచ్చినవాళ్ళు మళ్ళీ శుభ్రంగా నడిచారు. కానీ కింద బెత్తెడు మాత్రం ముట్టుకోం. చీలమండ బయటి పక్క తగిలే గట్టి బుడిపె ఉంది చూశావూ, అదే దాని కింది కొస. పాదం పక్కకి జారిపోకుండా గోడలా నిలబడేది అదే.

మందర వంగి తన బుడిపెని తడుముకుంది. "మరైతే నడుమ తీసేసినా కింద ఉంచుతారు కదండీ. అప్పుడు బయటికి పంపుతారా?"

పంపరు. బయటి బూట్లు పెంకుని అయస్కాంతంతో పట్టుకుంటాయి, వాటిని మెలితిప్పి ఊడదీసుకుంటూ నడవాలి. ఎముక కోసిన కాలుతో ఎవర్నీ పంపకూడదని నియమం. ఆ నియమం రాసింది నేనే. ఆ సంగతి చెప్పాను.

పిల్ల కళ్ళు దించుకుంది. మనం ఉంటున్న ఇల్లు బయట్నించి ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనుకున్నానని, మెల్లిగా, ఎవరితోనో చెప్పుకున్నట్టు అంది. మట్టం రోజు పండగ వెళ్ళిన మర్నాడు ఆపరేషను పెట్టాను. పండగ వాడకం వల్ల అంతకు ముందు ఆపరేషను గదికి నీళ్ళు ఇవ్వరు.

మూడో నమోదు. కోతల రోజు

నాకో జబ్బుంది. ఒక విషయం తిన్నగా అనిపించకపోతే అన్నం సయించదు. మందర కుడి ఎముక మామూలుగా ఉందని పుస్తకంలో బొమ్మలు చూసి అనుకున్నాను. ఆ బొమ్మలు భూమ్మీద వాళ్ళవి. మా కంకణంలో మామూలు ఎముక ఎలా ఉంటుందో పోల్చి చూసిందెవరు? నేనే చూడాలి, నేను చూడలేదు. కాళ్ళ ఫొటోలు పెద్దెముక కోసమే తీస్తాం. అది గట్టిగా ఉంటే చాలు, పక్కనున్న పిల్లెముక వంక ఎవరూ చూడరు.

తోటకూర కోసుకుని మా ఆయన ఫల్గుణరావు ఇంటికొస్తుంటే ఆస్పత్రిలోకి మళ్ళించాను. కాలు పెట్టమన్నాను. పెళ్ళినాడైనా నా కాలు ఇంత శ్రద్ధగా చూడలేదన్నాడు. అతని ఎడమ పిల్లెముక కుడిదానికంటే లావుగా ఉంది. మందరకున్నంత కాదు. కానీ తేడా స్పష్టంగా ఉంది.

ముందు యంత్రాన్ని అనుమానించాను. ఎడమ కాలు కుడి తొట్టిలో, కుడి కాలు ఎడమ తొట్టిలో పెట్టించి మళ్ళీ తీశాను. ఫల్గుణరావు సర్కసులో ఎలుగుబంటిలా మెలికలు తిరిగాడు, పాపం. యంత్రం తప్పేం లేదు. ఎడమది ఎక్కడ పెట్టినా లావే.

తర్వాత నా కాలు తీసుకున్నాను. నాదీ అంతే. కోతల నుంచి వచ్చేవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టాను. తోటకూర కట్టలు ఆస్పత్రి నేలంతా నిండిపోయాయి. పెద్దవాళ్ళు, పిల్లలు, బాలింత, చంకలో కర్రతో వచ్చిన ముసలాయన, ఎవరిది చూసినా ఎడమదే లావు. బాటలు ఎక్కువ తిరిగేవాళ్ళకి మరీ లావు. నడక రాని పసిపాపకి మాత్రం రెండూ సమానం.

పాత ఫొటోలు కూడా తీసి చూశాను. మా అమ్మమ్మల కాలంలో రెండెముకలూ ఒకేలా ఉన్నాయి. కొత్త ఫొటోలకి వచ్చేకొద్దీ ఎడమది మెల్లగా మందమవుతూ వచ్చింది.

మొదట భయపడ్డాను. ఊరందరికీ అంటుకునే జబ్బు ఏదైనా వచ్చిందేమోననుకున్నాను. కానీ ఎడమ కాలినే ఎంచుకునే జబ్బేమిటి? అంత పట్టుదల ఉన్న సూక్ష్మజీవి గురించి నేను వినలేదు. భయం కాస్త వెనక్కి పోయి, ఆ స్థానంలో కుతూహలం వచ్చి కూర్చుంది. ఎదురుగా మందర ఆపరేషను కత్తుల పెట్టె ఉంది. అది చూసినప్పుడల్లా భయం మళ్ళీ ముందుకొచ్చింది.

నాలుగో నమోదు. మట్టం రోజు

మాకున్న పండగ ఇదొక్కటే అనాలి. కొత్త ఏడు ఒరగకుండా, నిటారుగా మొదలవ్వాలని మా పెద్దలు పెట్టారు. అందరం మట్టం ముల్లు దగ్గర చేరతాం. కంకణం నేల ఎటైనా ఒరిగితే చూపించడానికి పెట్టిన పెద్ద ముల్లు అది. ఏడాది తిరిగేసరికి అది సున్నాకి కాస్త పక్కకి జరిగి ఉంటుంది. ఇంజనీరు వరాహమూర్తిగారు జరీ కండువా వేసుకుని వచ్చి, మర తిప్పి ముల్లుని సున్నా మీదకి తెస్తారు. డప్పు మోగుతుంది, తలా ఒక బెల్లం ముక్క పెడతారు. చిన్నప్పట్నించీ చూస్తున్నదే. ఇవాళా చూశాను, బెల్లం తిన్నాను, ఇంటికొచ్చాను.

ఇంట్లో మిగిలిన తంతు ఫల్గుణరావుది. మంచం కోడు కింద రేకు ముక్క దోపడం. ప్రతి ఇంట్లోనూ మట్టం రోజున మంచాలూ బల్లలూ సరిచేసుకోవడం ఆనవాయితీ. అతను నేల మీద బోర్లా పడుకుని, ఈ మంచం చేసినవాణ్ణి తిడుతూ రేకు దోపుతున్నాడు. పెళ్ళైన కొత్తలోనూ ఇవే తిట్లు.

నేను వంగి చూశాను. కోడు కింద రేకులు అట్ల దొంతరలా ఉన్నాయి.

ఎప్పుడూ ఇటువైపేనా అని అడిగాను. ఎప్పుడూ ఇటే, ట్యాంకుల వైపే అన్నాడు. తిరుగుడు దిక్కుకి ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి పక్క తోటలు, కుడి చేతి పక్క నీళ్ళ ట్యాంకులు. బీరువా కింద చూశాను, ట్యాంకుల వైపే. పొయ్యి గట్టు కింద కూడా అటే.

వెనకింట్లో ఎలా ఉందో చూడాలనిపించింది. కంకణమంతా చుట్టి రావడానికి ఓపిక లేకపోయింది. గుమ్మం దిగి, వెనక్కి తిరిగి, ఎదురు నడిచాను. ఒళ్ళు తేలికైపోయింది, పదేళ్ళు తగ్గినట్టనిపించింది. బాట మీద వస్తున్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని పక్కకి తప్పుకున్నారు. కాళ్ళ డాక్టరమ్మే ఎదురు నడిస్తే ఇంకెవరికి చెప్పుకోవాలని ఎవరో గొణిగారు. నాకు సిగ్గేసింది, కానీ ఆగలేదు.

తిలోత్తమ తలుపు తీసి బిత్తరపోయింది. రేపటి ఆపరేషను గురించే వచ్చాననుకుని ఆమె ముఖం తెల్లబోయింది. ముందు మీ మంచం చూపించమన్నాను. దాని కోడు కింద కూడా దొంతర, అదీ ట్యాంకుల వైపే. "మా అత్తగారి మంచవండి," అంది. "ఆవిడలాగే ఎప్పుడూ ఓ పక్కకి ఒరుగుద్ది."

ఒకరు వడ్రంగిని తిట్టుకున్నారు, ఒకరు అత్తగారిని తిట్టుకున్నారు. ఎవరింటి వంకర వాళ్ళు రేకు పెట్టి సరిచేసుకున్నారు. పక్కింటి మంచం ఎవరూ చూడలేదు. ఒరుగుతున్నది మంచం కాదు. నేల. ఏడాదికి పిసరంత చొప్పున ట్యాంకుల వైపు కుంగుతోంది. చెప్పాల్సిన ముల్లుని మేమే ఏటేటా డప్పు కొట్టి సున్నా దగ్గరికి తిప్పేస్తున్నాం.

మందరని బాట మీదకి తీసుకొచ్చి చెప్పులు విప్పించాను. తిరుగుడు దిక్కున నాలుగడుగులు వెయ్యమని నేను నేల మీద పడుకుని చూశాను. ఎడమ పాదం ఎత్తు వైపు పడుతోంది. పాదం బయటి అంచు కాస్త పైకి లేచి, మడమ లోపలికి వాలి, చీలమండ ఎముక ఆ బయటి బుడిపెని ప్రతి అడుగులోనూ లోపల్నించి నెడుతోంది. మోయనవసరం లేని బరువుని పిల్లెముక మోస్తోంది. మోసి మోసి లావెక్కింది. ఇసక మూటతో తిరిగిన పిల్లది మరీ లావెక్కి నొప్పి పెట్టింది. మేం రెండు వైపులా నడిచేవాళ్ళమే అయితే ఇవాళ ఎడమ, రేపు కుడి నొక్కుకుని రెండూ సమానంగా పెరిగేవి. ఈ తేడా ఎన్నటికీ బయటపడేది కాదు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కానీ డాక్టర్ని కదా, వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. అందరి ఎముకలూ నేల వల్లే లావెక్కి ఉండొచ్చు. మందర ఎముకలో ఉన్నది మాత్రం ఇంకేదో అయ్యే అవకాశం పోలేదు. నేను పొరబడితే మూల్యం చెల్లించేది ఈ పిల్ల.

ఉన్నదున్నట్టు ఇద్దరికీ చెప్పాను. ఆపరేషను ఆపి, కొన్నాళ్ళు ఎదురు నడిపిస్తాను. అప్పుడు ఎడమ కాలు పల్లం వైపు పడుతుంది, ఒత్తిడి కుడి ఎముకకి పోతుంది. నొప్పి తగ్గితే నేల వల్ల వచ్చింది. తగ్గకపోతే, మనం పోగొట్టుకున్నది ఆ కొన్నాళ్ళు.

తిలోత్తమ నా కళ్ళలోకి చూసింది. "మీ కూతురైతే ఏం చేస్తారండీ?"

నాకు పిల్లల్లేరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా అడిగింది. ఎదురు నడిపిస్తానన్నాను.

"అయితే నడిపించండి," అంది తిలోత్తమ.

ఐదో నమోదు. మట్టం రోజు మర్నాడు

ఆపరేషను చెయ్యాల్సిన సమయానికి ఒక వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసుకుని వరాహమూర్తిగారి ఆఫీసుకెళ్ళాను. ఆయన మంచివాడే, కానీ ముల్లు ఆయనకి దేవుడితో సమానం. నిన్ననే సున్నా పెట్టాం కదా, నేల ఒరగడమేమిటన్నారు. పళ్ళెం నేల మీద పెట్టాను. నీళ్ళు ట్యాంకుల వైపు అంచు దాకా చేరి, తోటల వైపు అడుగు తేలింది. ఆయన తన బల్ల కోడు కింద ఉన్న రేకుల దొంతర వైపు చూసి కండువా సర్దుకున్నారు.

కంకణాన్ని పట్టి ఉంచేవి రెండు ఉక్కు పట్టీలు. పెద్ద పట్టీ మొత్తం చుట్టూ ఉంటుంది. దాని పక్కన, ట్యాంకుల వైపు, సన్న పట్టీ. పెద్ద పట్టీ పటిష్ఠంగా ఉందని ఏటేటా చూస్తున్నామన్నారు ఆయన. సన్నది ఎవరు చూస్తున్నారని అడిగాను.

"దాన్ని చూడ్డానికేముందండీ డాక్టరుగారూ," అన్నారు. "సన్న పట్టీ బరువు మొయ్యదు. మా తాతల కాలంలో ట్యాంకు పగిలితే దాన్లోంచే ముక్కలు కోసి అతుకేశారు. అయినా ఏం కాలేదు."

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"పిల్లెముక గురించి మేమూ అదే చదువుకున్నామండీ," అన్నాను. "ముక్క కావాలంటే మేమూ దాన్నే కోస్తాం. కాకపోతే నడుమ కోస్తాం. కింది కొస తీస్తే కీలు పక్కకి ఒరిగిపోతుంది. మీ తాతలు ఎక్కడ కోశారు?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలబోయి, బల్ల అంచు పట్టుకున్నారు. "అతుకుల దగ్గర," అన్నారు. "కొసల్లో. అక్కడైతే చెయ్యి అందుద్దని."

పళ్ళెం మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది.

ఆరో నమోదు. నాట్ల రోజు

మందర ఎదురు నడుస్తోంది. మూట లేకుండా, రోజుకి ఒక చుట్టు. మొదటి రోజుల్లో పిల్లలు వెంటబడి ఎముకల్లేని పిల్లా అని ఏడిపించారు. ముసలాళ్ళు తలుపులు వేసుకున్నారు. నేనూ వెంట నడుస్తున్నాను. తిట్లలో కొన్నైనా నాకు పడితే పిల్లకి తగ్గుతాయని. రెండు రోజులకి ఫల్గుణరావు కూడా వచ్చి కలిశాడు. ఎదురు నడిస్తే మోకాళ్ళు హాయిగా ఉన్నాయని, ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని నన్నే దెప్పాడు.

ఇవాళ నారు నాటడానికి మడిలో దిగినప్పుడు మందర నా దగ్గరికొచ్చింది. చాలాసేపట్నించి ఏదో మర్చిపోయినట్టుందని, అదేమిటో ఇప్పుడు తెలిసిందని చెప్పింది. పొద్దుట్నించీ ఆ కాలు తనకి గుర్తే రాలేదట. నేను బురద చేతులతోనే ఆ పిల్లని కావలించుకున్నాను.

సాయంత్రం ఫొటో తీశాను. లావు తగ్గలేదు, అది అంత తొందరగా తగ్గదు. కానీ ఎముక అంచు మెత్తగా, చెదిరినట్టుండేది. ఇప్పుడు గీత గీసినట్టు గట్టిపడింది. చెడ్డ పెరుగుదల అలా మానదు. దెబ్బ తిన్న మంచి ఎముకే అలా మానుతుంది. కత్తుల పెట్టె మూసి అరలో పెట్టేశాను.

ఏడో నమోదు. వడపోతల రోజు

బయటి పనివాళ్ళు సన్న పట్టీని చూసి వచ్చారు. అతుకు అతుకుకీ కొసలు ఖాళీ. అక్కడ పెద్ద పట్టీ మెల్లగా పక్కకి తిరుగుతోంది. ఇలాగే వదిలేస్తే మందర పిల్లల కాలానికి ట్యాంకులు ఊడి కంకణం విడిపోయేదని వరాహమూర్తిగారు లెక్కేసి చెప్పారు. చెప్పేటప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా వాళ్ళు ఊరిని కాపాడామనుకున్నారండీ అన్నారు. కాపాడారు కూడా, ఆ రోజుకి ట్యాంకు నిలబడింది. ఆ మాటే ఆయనతో అన్నాను.

కొత్త ఉక్కు ఎక్కణ్ణించి తెస్తామని అందరూ తలలు పట్టుకున్నారు. దవడలకి మేం చేసేదే చెయ్యమన్నాను. సన్న పట్టీ నడిమి భాగాలు కోసి, కొసల దగ్గర అతకమన్నాను. నడుమ లేకపోయినా పర్లేదు, కొస ఉండాలి. వరాహమూర్తిగారు కాగితం లాక్కుని బొమ్మ గీసి, నా చేత రెండెముకలూ గీయించి, వాటిని పక్కపక్కన పెట్టుకుని చూశారు.

పని చాలా ఉంది, బయటికి వెళ్ళేవాళ్ళు తక్కువ. మందర అర్జీ పెట్టుకుంది. అర్జీ మీద కాళ్ళ డాక్టరు సంతకం కావాలి. రెండు కాళ్ళూ కోత లేకుండా ఉండాలన్నది నా నియమం. రెండు కాళ్ళూ ఉన్నాయి, కోత లేదు. ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను, గీత పూర్తిగా గట్టిపడేదాకా. మూతి ముడుచుకుంది, కానీ ఆగింది. ఇవాళ సంతకం పెట్టాను.

ఎనిమిదో నమోదు. మట్టం రోజు

ఇవాళ అందరం ముల్లు దగ్గర చేరాం. వరాహమూర్తిగారు జరీ కండువాతో వచ్చి, మర మీద చెయ్యి వేశారు. డప్పు కర్ర పైకి లేచింది. ఆయన చెయ్యి తీసేశారు. ఇక మీదట దీన్ని ఎవరూ ముట్టుకోకూడదని, అది ఎక్కడుంటే అక్కడే చూద్దామని చెప్పారు. పళ్ళెం నీళ్ళతో పోల్చి అసలు ఒరుగుడు చూపేలా పెట్టిన ముల్లు, సున్నాకి పక్కగా నిలబడి ఉంది. పోయిన నెల ఉన్నంత పక్కగా లేదు. బెల్లం మాత్రం పంచారు.

నేల పూర్తిగా సరయ్యేదాకా ఒక రోజు తిరుగుడు దిక్కున, ఒక రోజు ఎదురు నడవాలని కొత్త కట్టుబాటు. బడి పిల్లలకీ పెద్దవాళ్ళకీ రోజులు వేర్వేరుగా వేశారు. అందువల్ల ఇప్పుడు బాట మీద సగం మంది ఎదురొస్తున్నారు. మొదట్లో ఒకరినొకరు గుద్దుకున్నాం. మడమలు చూసి గుర్తుపట్టే మనుషుల ముఖాలు చూసి, ఈయనెవరని నేను ఫల్గుణరావుని అడగాల్సి వచ్చింది. నాతో పాటు చదువుకున్న అమ్మాయికి నెరిసిన జుట్టు చూసి ఆశ్చర్యపోయాను, తనూ నా జుట్టు చూసి అలాగే ఆశ్చర్యపోయింది. తిలోత్తమ నిన్న గిన్నెతో వచ్చి ఉప్పు అడిగింది.

మట్టం తంతు అయ్యాక ఇంటికి వస్తుంటే ఎదురుగా ఒక మనిషి వస్తోంది. అలవాటు ప్రకారం కాళ్ళే చూశాను. అడుగు సమంగా పడుతోంది, ఎడమ మడమ తిన్నగా దిగుతోంది, బరువైన బూట్లున్నా జంకు లేదు. ఎవరి కాళ్ళో తెలిసింది. బయటి పని మొదటి వంతు ముగించుకుని మందర లోపలికొచ్చిందన్నమాట. మోకాలి పక్కన చేతిలో వేలాడుతూ శిరస్త్రాణం ఉంది. నేనింకా చీలమండ దగ్గరే ఉన్నాను.

ఆ కాళ్ళు నా ముందు ఆగాయి.

"బయట్నించి చూస్తే మన ఇల్లు ఎలా ఉందో చెప్తానండి," అంది మందర. "ముందు ఓసారి నా మొహం చూడండి, డాక్టరమ్మగారూ."

తలెత్తి చూశాను.